నలభై ఇళ్ళలో నీ బొమ్మ

అమ్మాయి వాళ్ళ అమ్మకు,

నేను ఇక్కడ కులాసా. నువ్వూ, అమ్మాయీ, అల్లుడూ, పాపా కులాసా అని నీ ఉత్తరం వల్ల తెలిసింది. అది ఓడకు చేరడానికి పందొమ్మిది రోజులు పట్టింది. కోపంగానే రాశావు. పందొమ్మిది రోజుల కిందటి కోపం కదా, కొంచెం చల్లారి ఉంటుందని ధైర్యం చేసి రాస్తున్నాను.

అడిగినవాటికి వరసగా చెబుతాను. మోకాలు పరవాలేదు, లిఫ్టులోనే ఎక్కి దిగుతున్నాను. బీపీ మాత్ర మరవటం లేదు. తిండికి లోటు లేదు, ఉప్పే తక్కువ. ఓడ మునిగినట్టు కల వచ్చిందన్నావు. ఇది మునిగేలా ఉండదు, ఒక వీధిని దీపాలతో సహా ఎత్తి నీళ్ళ మీద పెట్టినట్టు ఉంటుంది. "ఈసారి కూడా ఆ కాయితం మీద సంతకం పెడితే నాకిక ఉత్తరాలు రాయొద్దు" అన్నావు చూడు, దాని జవాబు కింద ఉంది. ముందే అక్కడికి పోకు.

"నాలుగు మాటలు కలిపి మాట్లాడలేరు, అంతమందికి ఏం నేర్పుతున్నారు" అని కూడా అడిగావు. నన్ను తీసుకున్నది తలుపుల మీద నంబర్లు రాయడానికి. బొమ్మలు నేర్పే ఆయన వాంతులు తట్టుకోలేక మధ్యలో ఒక రేవులో దిగిపోతే, మేనేజరు నా చేతిలో కుంచె చూసి "పెద్దాయనా, నువ్వెళ్ళి కూర్చో" అన్నాడు. అంతే కదా జరిగింది.

పై అంతస్తులో గాజు గోడల గది మాది. ముప్పై బల్లలు, బల్లకొక గ్లాసు నీళ్ళు. ఓడ ఒరిగితే ముప్పై గ్లాసుల్లో నీళ్ళూ ఒకేసారి ఒకే పక్కకి ఒరుగుతాయి. సముద్రపు వెలుతురు పైకప్పు మీద పాకుతూ ఉంటుంది. కాసేపు చూస్తే ఇవాళ ఏ వారమో గుర్తుండదు. వచ్చేవాళ్ళంతా షికారుకు ఓడెక్కిన రిటైరైనవాళ్ళు. గీత గీయబోతే ఓడ చెయ్యి లాగేస్తుంది. అందుకని నేను చెయ్యెత్తి ఆగమంటాను. ఓడ అటు ఒరిగి, ఇటు వచ్చే ముందు ఒక్క క్షణం ఊపిరి పట్టినట్టు నిలబడుతుంది. అప్పుడు చెయ్యి దించుతాను. ముప్పై కుంచెలూ ఒక్క గీత గీస్తాయి. మళ్ళీ ఆగుతాం. గంటకు ఇరవై గీతలు. మాటలతో పని లేదు.

అందరూ మాస్టారూ అంటారు. ఐదో తరగతితో బడి మానేసి బోర్డులు రాసుకున్నవాణ్ణి. ఆ పిలుపు వినపడితే ఇంకెవరినో అనుకుని ఇప్పటికీ వెనక్కి చూస్తాను. ఇంకొన్నాళ్ళు ఓడలో పని చేస్తానని ఆ కాయితం మీద సంతకం పెట్టాలనిపించింది అందుకే. నీతో అబద్ధం ఎందుకు.

ఇక నీకు చెప్పకుండా చేసిన పని ఒకటుంది.

మొదటి నెలలోనే మొహాలు వెయ్యడం నేర్పమన్నారు. కుంచె పట్టుకుంటే నాకు వేరే మొహం రాలేదు, నీదే వచ్చింది. నేను పెద్ద కాగితం మీద వేస్తే వాళ్ళు చూసి వేసుకుంటారు. ఆరాక చుట్టి పట్టుకుపోతారు. ఈపాటికి ఎక్కడెక్కడో నలభై ఇళ్ళలోనైనా నీ బొమ్మ ఉంటుంది. ముక్కు కాస్త అటూ ఇటూ అయినా నువ్వే. "ఊరందరి బోర్డులూ రాస్తారు, నా బొమ్మ ఒకటి వెయ్యరా" అని పెళ్ళయిన కొత్తలో అడిగావు. అప్పుడు వెయ్యలేదు. సిగ్గేసింది.

ముందు బల్ల దగ్గర ఒక నర్సమ్మ కూర్చుంటుంది. ముప్పై ఏళ్ళు ఆస్పత్రిలో చేసిందట, నోరు పదును. "ఎవరండీ ఈవిడ?" అంది. తెలిసినావిడ అన్నాను. "తెలిసినావిడ అని చెప్పడానికి చెవులు ఎర్రబడాలా?" అంది. గదిలో అందరూ నవ్వారు.

నీ ఉత్తరంలో అమ్మాయి నీ ఫోటో పెట్టింది కదా, మందుల షాపు ముందు నిలబడ్డది. బుగ్గ మీద పుట్టుమచ్చ ఎడమ పక్కన కనిపిస్తోంది. నేను ప్రతి బొమ్మలోనూ కుడి పక్కనే పెట్టాను. ఫోటో తిరగేసి తీశారేమో అనుకుని నీ వెనకున్న బోర్డు చూశాను. నేను రాసిన బోర్డే. అక్షరాలు సరిగ్గానే ఉన్నాయి. తప్పు నాదే.

ఎలా జరిగిందో రెండు రోజులు ఆలోచించాను. పొద్దున్నే నువ్వు నడిమింట్లో అద్దం ముందు జడ వేసుకుంటావు. నేను గుమ్మం దగ్గర కుంచెలు సర్దుకుంటూ అద్దంలో చూసేవాణ్ణి. నువ్వు ఇటు తిరిగితే తల దించుకునేవాణ్ణి. నలభై ఒక్క ఏళ్ళు నీ మొహం తీరిగ్గా చూసింది అద్దంలోనే. ఎదురుగా కాదు. ఇది ఇన్నాళ్ళకు తెలిసింది నాకు.

మర్నాడు మచ్చ ఈ పక్కకి మార్చి వేస్తే నర్సమ్మ ఊరుకోలేదు. ఎందుకు మార్చారని గుచ్చి గుచ్చి అడిగింది. చెప్పాల్సి వచ్చింది.

"అంటే కట్టుకున్నదాన్ని దొంగచాటుగా చూశారా ఇన్నేళ్ళూ?" అని నవ్వింది. తరవాత నవ్వు ఆపి, "ఆవిడ ఇప్పుడెక్కడున్నారు?" అంది.

"ఇంట్లో."

"మరి మీరిక్కడేం చేస్తున్నారు మాస్టారూ?"

మధ్యాహ్నం కాయితం తీసుకెళ్ళి మేనేజరు బల్ల మీద పెట్టాను, సంతకం లేకుండానే. "ఏం తక్కువైంది పెద్దాయనా?" అన్నాడు. ఇంటిదాన్ని చూడాలన్నాను. "అయ్యో, ఒంట్లో బాలేదా?" అన్నాడు. బాగానే ఉంది అన్నాను. అతనికి అర్థం కాలేదు. నేనూ విడమరిచి చెప్పలేకపోయాను. నీకు చెబుతున్నాను, చాలు.

ఆ నలభై బొమ్మలనూ ఇప్పుడు దిద్దలేను. వచ్చే నెల పద్నాలుగున దిగుతాను. వచ్చిన మర్నాడు పొద్దున్న, వెలుతురు బాగుండగా, గుమ్మంలో కుర్చీ వేస్తాను. నాకెదురుగా కూర్చో. నాకు అలవాటు లేదు కాబట్టి తల దించేస్తాను. నువ్వు మొహమాటపడకు. "ఇటు చూడండి" అను. ఎన్నిసార్లు దించితే అన్నిసార్లు అను.

ఇట్లు,
అమ్మాయి వాళ్ళ నాన్న