అత్తయ్యగారి మర్యాదకి హోస్ట్స్ ఫైలు అడ్డం

మంగళవారం, నిడదవోలు

స్కూల్ నుంచి వచ్చేసరికి అత్తయ్యగారు ఫోన్ చేత్తో పట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నారు. ఆదివారం చర్చిలో పాడే పాట కోసం వెతుకుతుంటే, ఏదో సైటు 'మీ కంప్యూటర్‌కి వైరస్ పట్టింది, ఈ నంబరుకి ఫోన్ చెయ్యండి' అందట. ఇంకో రెండంకెలు నొక్కితే కాల్ వెళ్ళిపోయేదే.

"అలాంటి సైట్లు ఏ అనుమతి అడిగినా వద్దని నొక్కాలండి," అన్నాను.

"దయచేసి అనుమతించండి అని అంత మర్యాదగా అడుగుతుంటే, కాదంటే ఏం బాగుంటుందమ్మాయ్?"

ఆవిడతో వాదించి ఎవరు గెలిచారు గనక! ఏ సైటు ఏ చిరునామాలో ఉందో కంప్యూటర్ ముందుగా చూసుకునే హోస్ట్స్ ఫైలు తెరిచి, ఆ సైటు పేరు పక్కన మా కంప్యూటర్ చిరునామానే రాసేశాను. ఇక ఏ బ్రౌజర్‌లో నొక్కినా గుమ్మం దాటదు, తిరిగి మా ఇంటికే వస్తుంది. అది పనిచెయ్యడం చూసి హాయిగా టీ పెట్టుకున్నాను.

సాయంత్రం చూస్తే ఆవిడ మళ్ళీ అదే సైటు నొక్కుతున్నారు!

"అంత శ్రద్ధగా హెచ్చరించారు, ఫర్వాలేదని ఒక్క మాట చెప్పొద్దూ?" అన్నారు. పేజీ రాలేదు. "పాపం, ఇంట్లో లేనట్టున్నారు. రేపు చూస్తాలే."

తలుపేసింది నేనేనని చెప్పేద్దామనుకున్నాను. ఎందుకో, మర్యాదగా అనిపించలేదు...