నాన్న ప్రార్థన రోజున రాష్ట్రపతి కబుర్లు

ఆదివారం, కొత్తగూడెం

నాన్న పోయాక ఇంట్లో మొదటి ప్రార్థన ఈ రోజే జరిగింది. ఆమెన్ అనగానే విస్తళ్లు వేశాం. చిన్నాన్న, పక్క క్వార్టర్ అంకుల్ వచ్చే రాష్ట్రపతి ఎవరనే మాటల్లో పడ్డారు.

"ఈసారి మన దిక్కోళ్లకే ఇస్తరంట," అన్నాడు అంకుల్.

"ఎలక్షన్ ఇంకా దూరముంది. గిప్పుడే పేర్లేంది?"

నాకు కోపం రావాలి. రాలేదు. ఏడుపూ రాలేదు. పప్పు వడ్డిస్తూ పోయాను.

"నువ్వు చెప్పు బిడ్డా, ఎవరైతరు?" అన్నాడు చిన్నాన్న.

"మనకు ఓటే లేదు గదా చిన్నాన్నా! ఎంపీలు, ఎమ్మెల్యేలే వేస్తరు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వినట్టున్నాను. అమ్మ తలెత్తి చూసింది.

నాన్న ఎట్లా పోయిండని కాకుండా ఇన్ని రోజుల్లో నన్నెవరైనా అడిగిన ప్రశ్న, చిన్నాన్న అడిగిన ఆ 'ఎవరైతరు' ఒక్కటే. చిన్నాన్న లేస్తుంటే, ఇంకాసేపు కూర్చోమన్నాను.