ఖాళీగ దిగిన పెట్టె

గోదావరిఖని నుండి,

ప్రియమైన ఎస్తేరక్కకు, బావకు, తమ్ముడు యోహాను ప్రభువు నామంలో చేతులు జోడించి చెప్పుకునే వందనాలు. ఆయన కృపతో నేనిక్కడ మంచిగున్న. బావ మోకాలి నొప్పి ఎట్లున్నది? నీ దగ్గరున్న నా ఇంటిది సుగుణ, నా బిడ్డ రూతు బాగున్నరా?

ఇక్కడ చలి మొదలైంది, అయినా బాయిల ఉక్కనే. బొగ్గు గనిని ఈడ బాయి అంటరు. కడుపునిండ తింటున్న, ఫికర్ చెయ్యకుండ్రి. నేను వండిన కూరకు కుక్క గూడ మూతి తిప్పుకుంటది, అది వేరే సంగతి. క్వార్టర్ దొరికింది, రెండర్రలు, సున్నం నేనే వేసిన. సాయంత్రం ప్రార్థనకు ఇరుగుపొరుగు వస్తున్నరు. నా గొంతుకు గోడలు అదురుతున్నయని పక్కింటి రహీం భాయ్ నవ్వుతడు.

ఇగ అసలు సంగతి. సుగుణను రమ్మని రాస్తె, సిమెంటు లారీల ఆమె పెండ్లినాటి రేకుపెట్టె వచ్చింది. ఇక్కడికి దగ్గరి సిమెంటు ఫ్యాక్టరీ, బసంత్‌నగర్‌ల దింపితే రహీం భాయ్ తెచ్చిండు. తెరిస్తె లోపల ఏం లేదు, ఒక్క చీర గూడ. "ముందుగాల పెట్టె పోనీ అన్నదట, డ్రైవర్ చెప్పిండు" అన్నడు భాయ్. ఆ మాట నాకు తలకెక్కలే. బాయి పనంటె ఆమెకు భయమని తెలుసు గద. ఖాళీ పెట్టె పంపిందంటె ఇగ రానన్నట్టే అనుకున్న. అన్నం సయించలే అక్కా. ఆ ఆదివారం వాక్యం చెప్తుంటె నిప్పులే కురిసినయి, పాపం విన్నోళ్ల మీద.

గట్లున్నప్పుడు బాయి కాడి చాయ్ హోటల్ల రేడియో చెప్పింది. రష్యావాళ్లు మనుషులు ఎక్కిపోయే కొత్త ఓడను, రెక్కలున్నదాన్ని, ఒక్క మనిషి లేకుంట ఆకాశానికి పంపిండ్రట. అది భూమి చుట్టు రెండుసార్లు తిరిగి, దానంతట అదే విమానం తీరు దిగిందట. నేను బల్ల చరిచి లేచిన: "బాబెలు గోపురం! దేవునికి ఎదురు ఆకాశం ఎక్కాలని కట్టిన బాబెలు గోపురమే ఇది!"

నాతోని డ్యూటీ చేసే కొమురన్న నవ్విండు. "కూసో పాస్టరూ. మనిషి లేకుంట పోతె గొప్పేంది? పతంగి గూడ పోతది."

రహీం భాయ్ మా బాయిల ఫిట్టరు. చాయ్ సాసర్ల పోసుకుంటనే అన్నడు: "అరే కొమురన్నా, రేపు మన కొత్త బండి నడుస్తది. అందుల ముందు నిన్ను ఎక్కియ్యాల్నా?"

ఇన్నొద్దులు మేం ఏటవాలు దారిల నడిచే బాయిలకు దిగినం. ఇప్పుడు ఇనుప తాడుతోని దించే మనుషుల బండి వచ్చింది. తెల్లారి అందరం చూస్తుంటె అది ఖాళీగ పోయి పైకొచ్చింది. రెండోసారి సీట్ల మీద ఇసుక బస్తాలను కూసోబెట్టిండ్రు, మనుషుల లెక్క. నేను కండ్లు మూసుకొని ప్రార్థన చేస్తుంటె కొమురన్న ఊకుంటడా?

"ఏందే, బస్తాలకు బాప్తిస్మం ఇస్తున్నవా?"

అందరు పడి పడి నవ్విండ్రు. నేను చంకలున్న బైబిల్ ఎత్తి అందుకున్న: "నవ్వకు అన్నా! జలప్రళయం తగ్గినంక నోవహు ఓడ తలుపు తీసి ముందుగాల పెండ్లాన్ని దింపిండా? పావురాన్ని ఇడిసిండు! దానికి నిలిచే జాగ దొరికినంకనే ఇంటోళ్లను..."

గక్కడ్నే ఆగిపోయిన అక్కా. పెట్టె యాదికొచ్చింది.

"ఏమైంది?" అన్నడు రహీం భాయ్.

"మా ఇంటిది పావురాన్ని పంపింది, భాయ్."

"అల్లా! ఆ రోజే చెప్పిన గద మియా, ముందు పెట్టె అని. ఊరందరి చెవులల్ల అరుస్తవు, నీ చెవులేడ పెట్టినవ్?"

మూడోసారి మేం ఎక్కినం. మొదటి సీటు నాదే. కిందికి పోయేదాక పాట పాడిన, కొమురన్న చప్పట్లు కొట్టిండు. ఈ ఆదివారం బాబెలు మాట ఎత్తను, పావురం మీదనే వాక్యం.

అక్కా, సుగుణకు నువ్వే చెప్పు. పెట్టె మంచిగ దిగింది. సొట్ట పడలే, గీత పడలే. తూర్పు కిటికీ కింద పెట్టిన, అందుల నావి ఏం పెట్టలే. నేను బండిల రోజు దిగుతున్న, రోజు పైకొస్తున్న. సుగుణను, రూతును బావ పెద్దపల్లి బస్సు ఎక్కిస్తె చాలు, నేను అక్కడ నిలబడి ఉంట. చింతకాయ తొక్కు మర్వకు. ఇసుక బస్తాలు మాత్రం వద్దని చెప్పు, ఈసారి మనుషులే రావాలె.

పెద్దలందరికి వందనాలు, రూతుకు ముద్దులు. మీ దీవెనలు కోరుకుంట, కిటికీ తెరిచిపెట్టి ఎదురుచూసే

మీ తమ్ముడు
యోహాను