కైకలూరు లైబ్రరీలో చదువుల పండగ

అక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నువ్వు పనిచేసిన లైబ్రరీలో నెల రోజులు చదువుల పండగట! రోజుకో సన్మానం. ఎవరి శాలువా వాళ్లే కొని తెచ్చుకుని కప్పించుకున్నారు. పుస్తకాలు నలుగుతాయని బీరువాలకు తాళాలు వేశారు.

నిన్న ఆఖరి రోజు. కుర్చీలు నింపడానికి చేపల చెరువుల దగ్గర పనిచేసే ఆడవాళ్లను ఆటోల్లో తెచ్చారు. నువ్వు ఆదివారాలు అక్షరాలు నేర్పిన మంగమ్మ లేచి, "ఏవండీ, ఓ కథల పుస్తకం ఇప్పిస్తారాండీ?" అంది.

"ముందు నా ఉపన్యాసం వినమ్మా, పుస్తకాలెక్కడికి పోతాయి?" అన్నాడు సభాధ్యక్షుడు.

మంగమ్మ బయటికి నడిచింది. వెనకే ఆడవాళ్లంతా వెళ్లిపోయారు. ఆ పెద్దమనిషి ఖాళీ కుర్చీలకు చదువు గొప్పతనం చెబుతూనే ఉన్నాడు.

నువ్వు పోయాక ఇంట్లో నీ పుస్తకాల గదిలోకి నేను వెళ్లలేదు. నిన్న సాయంత్రం మంగమ్మను తీసుకుని వెళ్లాను.

నీ చెల్లి