అవతలి గట్టు మీద ఏడు గొడుగులు

టైలరు గారికి, గాలాల సంఘం కార్యదర్శి రాస్తున్నది. నేను క్షేమం, సంఘమే క్షేమంగా లేదు.

మీరు గట్టు మీదికి వచ్చి ఆరు ఆదివారాలైంది. ఈ నెలాఖరుకల్లా సభ్యులందరి సంతకాలు, కనీసం పది, పెట్టించి ఇమ్మని రిజర్వాయరు ఆఫీసువాళ్ళు కాగితం పంపారు. ఇవ్వకపోతే ఇరవై రెండేళ్ళుగా మనం గాలాలు వేసుకుంటున్న గట్టునీ, రేకుల షెడ్డునీ పడవపందేల వాళ్ళకి ఇచ్చేస్తారట. మన పుస్తకంలో నాతో కలిపి సరిగ్గా పది పేర్లున్నాయి. కొన్ని వారాలుగా ఆదివారం వచ్చేది మాత్రం ఇద్దరు. ఒక వారం సెలూను ఆయన, కాంపౌండరు. ఇంకో వారం ఎలక్ట్రీషియను, బేకరీ ఆయన. ఇద్దరికి మించి ఏనాడూ రారు, తగ్గనూ తగ్గరు. ఇందులో ఏదో మతలబు ఉంది.

అవతలి గట్టు మీద కొత్తగా గొడుగులు లేచాయి. బైనాక్యులర్స్‌తో లెక్కపెట్టాను. ఏడు. మనవాళ్ళని ఎవరో లాక్కుపోతున్నారు.

ఇట్లు, జీతం లేని మీ కార్యదర్శి.

తా.క. ఆ గొడుగుల్లో ఒకదానికి వేసిన మాసిక మీ చేతి పనిలా ఉంది. నేనేమీ అనడం లేదు.

* * *

డ్రాయింగు మాస్టారికి టైలరు నమస్కారాలు.

నడుం నొప్పండి. వారమంతా మిషను మీద వంగి వంగి, ఆదివారం వచ్చేసరికి లేవలేకపోతున్నాను. అంతే తప్ప సంఘం మీద నా మనసేమీ విరగలేదు. మాసిక సంగతంటారా, మన వీధిలో సగం గొడుగులకి వేసింది నేనే. గొడుగు ఎవరితో తిరుగుతుందో నాకేం తెలుసు?

ఇట్లు, మీ టైలరు.

తా.క. బైనాక్యులర్స్ కళ్ళకి పెట్టుకుంటే నీళ్ళ మీద గాలం బెండు ఎవరు చూస్తారు మాస్టారూ? పోయిన వారం చేప మీ గాలాన్ని కర్రతో సహా లాక్కుపోయింది కదా.

* * *

టైలరు గారికి కార్యదర్శి రాస్తున్నది.

మీ నడుం నొప్పికి విచారిస్తున్నాను. అయితే ఆదివారం తెల్లవారకముందే మీరు మడతకుర్చీ చంకన పెట్టుకుని బయల్దేరుతున్నారని మీ ఆవిడ కూరల కొట్టు దగ్గర మా ఆవిడతో చెప్పిందట. నడుం నొప్పికి మడతకుర్చీ వైద్యం ఏ డాక్టరు రాశాడు?

చేప నా గాలం లాక్కుపోయిన సంగతి నేనెవరికీ చెప్పలేదు. పక్కనున్న ఇద్దరూ చూడలేదు, వాళ్ళు కళ్ళు మూసుకుని నా మాటలు వింటున్నారు. అది అవతలి గట్టు నుంచే కనిపించాలి.

అసలు నేనేం తక్కువ చేశాను? చేరిన ప్రతివాణ్ణీ పక్కన కూర్చోబెట్టుకుని, ముడి వేయడం దగ్గర్నుంచి పట్టిన చేపని కొలిచి మళ్ళీ నీళ్ళలో వదిలేదాకా, పొద్దున ఆరు నుంచి పదకొండింటిదాకా ఊపిరి తిప్పుకోకుండా చెబుతాను. ఇంత శ్రద్ధ ఆ గొడుగులవాళ్ళు చూపిస్తారా?

ఇట్లు, కార్యదర్శి.

తా.క. వాళ్ళు ఏం ఎర వేసి మనవాళ్ళని లాగుతున్నారో చూసి రాయండి. మీరు ఎటూ అక్కడే ఉన్నారు.

* * *

మాస్టారికి టైలరు తలవంచుకుని రాస్తున్నది.

చూశాను. అక్కడ సంఘమూ లేదు, కార్యదర్శీ లేడు. ఎవరికీ ఎరలూ వేయడం లేదు. పదేసి బారల దూరంలో కూర్చుంటారు. మాట్లాడరు. ఒకాయనకి తుమ్మొస్తే లేచి అవతలికి వెళ్ళి తుమ్మి వచ్చాడు.

ఇట్లు, మీ టైలరు.

తా.క. చేపలు బాగా పడుతున్నాయి.

* * *

టైలరు గారికి మాజీ కార్యదర్శి రాస్తున్నది.

నోరు విప్పని మనుషులు ఏడుగురు ఒకచోట చేరితే అది మంచి పనికి కాదు. మీ నోరూ కట్టేశారని తెలిసిపోయింది. ఇరవై రెండేళ్ళు ఒక్క ఆదివారం మానకుండా వచ్చాను. నా మనుషులే నా దగ్గర దాపరికాలు చేస్తుంటే ఇంక నా సంతకం దేనికి? నేను పెట్టను. గట్టు పడవలవాళ్ళనే తీసుకోమనండి. ఇది రాస్తుంటే నాకు ఏడుపొచ్చింది, దాచుకోను.

ఇట్లు, మీకేమీ కానివాడు.

తా.క. షెడ్డు తాళంచెవి బేకరీలో ఇచ్చేశాను. దాన్ని చూసి బేకరీ ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. అదీ అనుమానంగానే ఉంది.

* * *

మాస్టారికి మేమందరం రాస్తున్నది. చేతిరాత టైలరుది.

ఇక దాచి లాభం లేదు. ఆ ఏడు గొడుగులూ మావే. తొమ్మిది మందిమి, ఇద్దరం మీ పక్కన కూర్చుంటే మిగిలేది ఏడుగురం. మీరు లెక్కల మాస్టారయితే ఎప్పుడో దొరికిపోయేవాళ్ళం.

మాకు మాటల్లేకుండా గాలం వేసుకోవాలని ఉంటుంది. మీరు చెబుతుంటే బెండు మునిగినా తెలియదు. అలాగని మీరు ఒక్కరే కూర్చుంటే మనసు ఒప్పదు. అందుకని వారానికి ఇద్దరు చొప్పున మీ మాటలు వినడానికి వంతులు వేసుకున్నాం. వంతుల కాగితం రాసేది నేను. ఎనిమిది పేర్లు జాగ్రత్తగా రాసి నా పేరు రాయడం మరిచాను. ఈ గొడవంతా దానివల్లే.

పోదలుచుకుంటే ఎప్పుడో పేర్లు కొట్టేయించుకునేవాళ్ళం. తొమ్మిది సంతకాలూ దీంతో పంపుతున్నాం. మీరు లేని గట్టు మాకెందుకండీ?

ఇట్లు, మీ తొమ్మిది మంది.

తా.క. మీరు పదకొండేళ్ళ కిందట పట్టిన చేప కథ సెలూను ఆయన నిద్రలో పలవరిస్తున్నాడట. మీ నోట బారెడున్న చేప ఆయన నిద్రలో మూరెడే ఉంటోంది.

* * *

టైలరు గారికి కార్యదర్శి రాస్తున్నది.

సంతకం పెట్టి, కాగితం ఆఫీసులో ఇచ్చి వచ్చాను. గట్టు మనదే.

మీ ఉత్తరం మా ఆవిడకి చూపిస్తే ఆవిడ నమ్మలేదు. "ఈయన ఐదు గంటలు మాట్లాడతాడా? ఉప్పు కావాలన్నా వేలు చూపించే మనిషి" అంది. ఆవిడ అన్నది నిజం. నాకు మాటలు చేతకావు. నన్ను కార్యదర్శిని చేసిన రోజున పాత అధ్యక్షుడు ఒక సంగతి చెప్పాడు. కొత్తవాళ్ళకి ఊరికే కూర్చుంటే విసుగు పుడుతుంది, పలకరించే మనిషి లేకపోతే రెండో వారం రారు అని. అప్పట్నుంచీ ప్రతి శనివారం కూర్చుని, మర్నాడు చెప్పాల్సింది కాగితం మీద రాసుకుని బట్టీ పడుతున్నాను. ఒక్క క్షణం ఆపితే మీరు లేచి వెళ్ళిపోతారని భయం. నీళ్ళ చప్పుడు విని ఇరవై రెండేళ్ళయింది.

ఆదివారం అవతలి గట్టుకి వస్తాను. నాకూ పది బారల చోటు ఉంచండి.

ఇట్లు, మీ పదోవాడు.

తా.క. ఈ వారానికి ముడుల మీద నాలుగు పేజీలు అప్పుడే బట్టీ పట్టేశాను. ఎవరికైనా కావాలేమో కనుక్కోండి. అక్కర్లేదంటే హాయిగా మరిచిపోతాను.