గరిటెడు పాత పిండి

గురువారం రాత్రి, నేపర్‌విల్

ఒళ్ళు మండిపోతోంది. మా హోటల్ ఓనర్ కూతురు హాసిని ఫిలాసఫీ క్లాసుకి రాసిన ఎస్సే అందరికంటే బాగుందని టీచర్ పైకి చదివించాడట. అది రాసింది నా దోసెల పిండి మీద!

ఈ అమెరికా చలికి పిండి పులియదని రోజూ గరిటెడు పాత పిండి దాచి కొత్తదాంట్లో కలుపుతాను. "మూడేళ్ల కింద మొదలెట్టిన పిండీ, ఇవాళ్టి పిండీ ఒకటేనంటావా?" అని పోయిన నెల ఆ పిల్లని అడిగింది నేనే. కాలేజీ మొహం చూడనివాణ్ణి, లైబ్రరీ పుస్తకాలు ముందేసుకుని ఎన్నాళ్ళో బుర్ర బద్దలుకొట్టుకున్న ప్రశ్న అది.

"ఐడియా నీదేనని రాశా అన్నా, హ్యాపీయేనా?" అంది. దొంగిలించి ఉంటే పోట్లాడేవాణ్ణి. ఆ అవకాశం కూడా ఇవ్వలేదు.

ఓనర్ పొంగిపోయాడు. "మా అమ్మాయి ఎంత డీప్‌గా ఆలోచిస్తుందో చూశావా! సరే, ఆరో టేబుల్‌కి రెండు మసాలా వెయ్యి."

అసలు మంట ఇదీ కాదు, చివరి పేరా. "పిండి మారుతూనే ఉంటుంది. మారనిది, రోజూ కొంచెం మిగిల్చే ఆ చెయ్యి" అని రాసింది. ఆ చెయ్యి నాది. నాకెందుకు తట్టలేదు? పదహారేళ్ల పిల్లకి ఎలా తట్టింది?

హోటల్ మూసేటప్పుడు కోపంతో గిన్నె మొత్తం సింకులో వంపేద్దామనుకున్నాను. చివరికి గరిటెడు మిగిల్చి, మూతపెట్టి వచ్చాను.

అది కూడా ఆ పిల్ల ముందే రాసేసింది.