నీలంగా వెలిగిన నీళ్లు

9 జూన్ 2025, సోమవారం

పొద్దున ఐదింటికి దీపం పెట్టాను. కింద అంతస్తుల్లో హాస్టల్ పిల్లలు బకెట్లతో లైన్ కట్టారు. అమీర్‌పేటలో వీళ్ల క్లాసులు మెట్రో కంటే ముందే మొదలవుతాయి. హాస్టల్ మా తమ్ముడు నరేశ్‌ది, మేముండేది పై ఫ్లోర్‌లో. వాడు టీ తాగుతుంటే కూతురు నవీన చిన్న బుడ్డి తెచ్చింది. యూనివర్సిటీలో దాని పీహెచ్‌డీ ఇదే. పొరలు పొరలుగా ఉండే నల్లపొడిని సాల్వెంట్‌లో వేసి, అల్ట్రాసౌండ్ మెషీన్‌లో గంటలకొద్దీ అదిరిస్తే, పొరలు ఊడి కంటికి కనపడని చుక్కలవుతాయట. నానోడాట్స్. యూవీ లైటు కింద నీలంగా వెలుగుతాయి. నీళ్లలో సీసం ఉంటే ఆ వెలుగు తగ్గాలి.

గ్లాసుడు సంపు నీళ్లలో బుడ్డిలోంచి నాలుగు బొట్లు వేసి యూవీ లైటు పట్టింది. వెలుగు తగ్గలేదు. పైపులు పాతవి నాన్నా, బయట ల్యాబ్‌కు సుత పంపుదాం అంది. ఇంట్లనే సైంటిస్టు ఉండంగ ల్యాబెందుకు బిడ్డా అని వాడు నవ్వాడు. పదింటికల్లా గోడ మీద నోటీసు: నానో టెస్ట్ చేసిన నీరు, సీసం లేదు.

12 జూన్

అడ్మిషన్లు మస్తుగున్నయి అంటున్నాడు నరేశ్.

13 జూన్

మెట్ల దగ్గర హాస్టల్ పిల్ల సుమశ్రీ ఆపింది. ఆంటీ, నీళ్లు జర ఇనుప వాసనొస్తున్నయి, తాగొచ్చునా అని. నోటీసు చూపించాను.

16 జూన్, మధ్యాహ్నం

నవీన ల్యాబ్ నుంచి ఏడుస్తూ వచ్చింది. పొడి వేయకుండా ఉత్త సాల్వెంట్‌ను అన్ని గంటలూ అదిరించిందట. అదీ నీలంగానే వెలిగిందట. ఆ బుడ్డిలో డాట్స్ లేనే లేవు అత్తా, పొడి విరగనే లేదు, నాన్న తొందరపెట్టిండని చూసుకోకుండ ఇచ్చిన అంది. సీసం కలిపిన నీళ్లు తెచ్చి, మా ముందే బుడ్డిలోంచి బొట్లు వేసింది. అదే నీలం. సీసం నీళ్లను సుత మంచియే అంటది గిది, నోటీసు పీకేయి నాన్నా అని బతిమాలింది.

పోరగాండ్లకు కనబడేది నీలమే గదా, ఎందుకింత ఫికర్ అన్నాడు నరేశ్, పళ్లు కుట్టుకుంటూ. నేను ఎత్తుకొని తిప్పినవాడే వీడు. స్నానం చేసినా ఒంటి మీద ఏదో జిడ్డు.

16 జూన్, సాయంత్రం

నోటీసు సంగతి నువ్వేమంటే గదే అక్కా అన్నాడు నరేశ్, నవీన కూడా సరేనంది. జపమాల చేతిలోకి తీసుకున్నాను. జపంలో ఉన్నవాళ్లను మా ఇంట్లో మాట్లాడించరు. ఒక్క నామం నోటికి రాలేదు.

నోటీసు అడ్మిషన్లు అయ్యేదాకా ఉంటుంది. పై ఫ్లోర్‌కు రేపటి నుంచి క్యాన్ నీళ్లు.